ఆ మూడు వారాల మౌనం

2010 ఆగస్టు 28, శనివారం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, పిస్కాటవే.

రట్గర్స్ విశ్వవిద్యాలయం బుష్ క్యాంపస్‌లో కొత్త పిల్లలు హాస్టళ్లలో దిగే రోజు. ఎక్కడ చూసినా కార్లు, పెట్టెలు, దిండ్లు, కొడుకునో కూతురినో వదిలివెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలు. పక్కనే ఎడిసన్. తెలుగు మాటలు వినిపించే ఊరు అది. మనవాళ్ల పిల్లలు ఎందరో చదివే విశ్వవిద్యాలయమే ఇది. అందుకే ఈ కథ నాకు దూరదేశపు కథలా అనిపించదు.

డేవిడ్‌సన్ హాల్ అనే హాస్టల్లో ఒక గదికి రిడ్జ్‌వుడ్ నుంచి టైలర్ క్లెమెంటి వచ్చాడు. పద్దెనిమిదేళ్లు. ముగ్గురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. సన్నగా, బిడియంగా ఉండే కుర్రాడు. వయొలిన్ అంటే ప్రాణం. తల్లి జేన్ వెంట వచ్చింది. గదిలో రూమ్మేట్ అప్పటికే ఉన్నాడు. అతనిదీ పద్దెనిమిదేళ్ల వయసే. భారతీయ కుటుంబం.

ఆ క్షణాన్ని జేన్ రెండేళ్ల తర్వాత కోర్టులో గుర్తు చేసుకుంది. తన కొడుకు గదిలోకి అడుగుపెడితే ఆ అబ్బాయి చేస్తున్న పని ఆపలేదట. పలకరింపు లేదు, చిన్న నవ్వు లేదు, మనిషి వచ్చాడన్న గుర్తింపే లేదు.

కేసు విచారణలో వందలకొద్దీ మెసేజ్‌లు, సాంకేతిక వివరాలు, సెక్షన్లు బయటికొచ్చాయి. అన్నీ చదివాక కూడా నా మనసు మాత్రం మొదటి రోజు దగ్గరే, ఆ గది గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

నిజానికి వాళ్లిద్దరూ అంతకుముందే ఒకరినొకరు 'చూసేశారు'. గది ఎవరితో అన్నది తెలియగానే ఆగస్టులో ఇద్దరూ ఇంటర్నెట్‌లో వెతుకులాట మొదలుపెట్టారు. టైలర్ ఎప్పుడో వాడిన ఒక మారుపేరు పట్టుకుని రూమ్మేట్ ఏవో పాత రాతలు తవ్వాడు. ఈ అబ్బాయి గే అని తేల్చుకుని స్నేహితులకు చెప్పేశాడు. టైలర్ కూడా పూర్తిగా అమాయకుడేమీ కాదు. రూమ్మేట్ అమ్మానాన్నల గురించి, వాళ్ల భారతీయత గురించి స్నేహితురాలితో చాటింగ్‌లో పరిహాసంగా మాట్లాడాడు. తప్పుల బరువు ఒకటి కాదు, సరే. కానీ ముఖం చూడకముందే మనిషి మీద తీర్పు రాసేసుకోవడం రెండు వైపులా జరిగింది. ఇద్దరూ గదిలో దిగేసరికి ఇక తెలుసుకోవలసింది ఏమీ లేనట్టే అయింది.

ఇంట్లోంచి బయల్దేరే ముందే టైలర్ తాను గే అని తల్లిదండ్రులకు చెప్పాడు. తల్లి ఆ మాటను వెంటనే జీర్ణించుకోలేకపోయింది. తల్లి తనను కాదన్నట్టే టైలర్‌కి అనిపించింది. ఆ బరువుతోనే హాస్టల్‌కి వచ్చాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఒకే గది, రెండు మంచాలు. ఇద్దరి మధ్యా మాటలు లేవనే చెప్పాలి. గొడవలూ లేవు. గొడవ పడాలన్నా ఒకళ్లనొకళ్లు మనుషులుగా లెక్కపెట్టుకోవాలి కదా.

సెప్టెంబర్ 19, ఆదివారం రాత్రి. తన దగ్గరికి ఒకరు వస్తున్నారని, అర్ధరాత్రి దాకా గది వదలగలవా అని టైలర్ అడిగాడు. రూమ్మేట్ సరేనని బయటికి వచ్చి ఎదురు గదిలో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళ్లాడు. తన కంప్యూటర్ మాత్రం గదిలోనే ఉంది. దాని కెమెరా ఎవరు పిలిచినా దానంతటదే తెరుచుకునేలా పెట్టి ఉంది. స్నేహితురాలి కంప్యూటర్ నుంచి పిలిచి, ఇద్దరూ కలిసి కొన్ని సెకన్లు చూశారు. టైలర్, ఇంకో యువకుడు దగ్గరగా ఉన్నారు. వెంటనే కెమెరా మూసేశారు.

అంతటితో ఆగినా బాగుండేది. రూమ్మేట్ తాను చూసింది ట్విటర్‌లో పెట్టాడు. ఆ కబురు కారిడార్‌లోకి పాకింది. కాసేపటికి ఇంకొందరు పోగయ్యారు. చూపించమన్నారు. మళ్లీ కెమెరా తెరిచారు, మళ్లీ కొన్ని సెకన్లు.

ఆ కొన్ని సెకన్లలో, ఆ చిన్న గదిలో, ఒక్కరంటే ఒక్కరు "వద్దు, మూసెయ్" అనలేదు. వాళ్లంతా దుర్మార్గులని నేను అనుకోవడం లేదు. మంచి బడుల్లో చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, మంచి విశ్వవిద్యాలయంలో సీటు సంపాదించిన పిల్లలు. ఆ రాత్రి వాళ్లకది ఒక సరదా. నవ్వుతున్న నలుగురి మధ్య నవ్వని అయిదోవాడుగా నిలబడటం ఆ వయసులో ఎంత కష్టమో నాకు తెలుసు.

ఎలా తెలుసో చెప్తాను. నేను చదివిన కాలేజీ హాస్టల్లో, మొదటి నెలలో ఒక రాత్రి, మా సీనియర్లు ఒక జూనియర్‌ని మెస్ బల్ల ఎక్కించి పాట పాడమన్నారు. పల్లెటూరి నుంచి వచ్చిన పిల్లాడు. యాస వేరు, చొక్కా వేరు. సగం పాటకే గొంతు పూడుకుపోయింది. మెస్ అంతా నవ్వింది, నేనూ నవ్వాను. వాడు నాకేసి ఒకసారి చూశాడు. వాడి పక్క మంచం నాదే. వారం తిరక్కుండానే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఎవరూ ఎందుకని అడగలేదు, నేనూ అడగలేదు. ఎదురు గదిలో పోగైన ఆ పిల్లల గురించి చదివినప్పుడు నాకు కోపం కంటే ముందు ఆ చూపు గుర్తొచ్చింది.

మర్నాటికి టైలర్‌కి ట్విటర్ రాత కనపడింది. ఆ తర్వాత రూమ్మేట్ పేజీని అతను 38 సార్లు తెరిచి చూసినట్టు కోర్టులో లెక్క తేలింది. ఎవరెవరు చూశారో, ఎవరేమనుకుంటున్నారో, రేపు భోజనాల హాల్లో ఎవరి కళ్లలోకి చూడొచ్చో తెలియని మనిషి ఎన్నిసార్లు తెరుస్తాడో అన్నిసార్లు తెరిచాడు.

సెప్టెంబర్ 21, మంగళవారం. టైలర్ మళ్లీ గది అడిగాడు. ఈసారి రూమ్మేట్ ముందే ట్విటర్‌లో ప్రకటన లాంటిది పెట్టాడు. ఫలానా వేళకు తన కంప్యూటర్‌కు వీడియో కాల్ చేసి చూడమని సవాలు. టైలర్ అది చూశాడు. ఆ రెండో ప్రయత్నం సాగలేదు.

అదే రాత్రి టైలర్ ఒక పని చేశాడు. ఇది చాలామంది మరచిపోతారు. అతను ఫిర్యాదు చేశాడు. హాస్టల్లో ప్రతి అంతస్తుకీ రెసిడెంట్ అసిస్టెంట్ అని ఒక సీనియర్ ఉంటాడు. టైలర్ అతని దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. గది మార్చమన్నాడు, రూమ్మేట్ మీద చర్య తీసుకోమన్నాడు. ఆ సీనియర్ మంచిగానే విన్నాడు. ఈ రాత్రికి నా గదిలో పడుకో అని కూడా అన్నాడు. టైలర్ వద్దన్నాడు. రాతపూర్వకంగా ఇమ్మంటే అర్ధరాత్రికి కాస్త ముందు ఈమెయిల్ పంపాడు.

నిబంధన ప్రకారం జరగవలసినవన్నీ జరుగుతున్నాయి. కాగితం పై అధికారికి వెళ్లాలి, అక్కడి నుంచి ఇంకొకరికి. ఈలోగా తెల్లారింది. టైలర్ మళ్లీ అదే గదిలో ఉన్నాడు.

సెప్టెంబర్ 22, బుధవారం. మధ్యాహ్నం విశ్వవిద్యాలయ ఆర్కెస్ట్రా సాధనకు వెళ్లి వయొలిన్ వాయించాడు. ఆ రాత్రి టైలర్ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

దాదాపు అదే సమయంలో రూమ్మేట్ నుంచి అతని ఫోన్‌కు పెద్ద మెసేజ్‌లు వచ్చాయి. నువ్వు గే అని నాకు ముందే తెలుసు, దాంతో నాకే ఇబ్బందీ లేదు, ఈ చిన్న అపార్థంతో నీ మొదటి సంవత్సరం పాడవకూడదు అన్న సారాంశంతో. మూడు వారాల్లో అంత పొడుగు మాట ఆ గదిలో అదే మొదటిది అయివుంటుంది. టైలర్ దాన్ని చదివాడో లేదో ఎవరికీ తెలియదు.

ఒక ఆత్మహత్యకు ఒకే కారణం అంటగట్టడం తప్పు. అలా తేల్చి చెప్పేవాళ్లను నేను నమ్మను. చట్టం కూడా ఆ పని చేయలేదు. టైలర్ మరణానికి కారకుడన్న అభియోగం రూమ్మేట్ మీద ఎవరూ పెట్టలేదు. అతని పేరు ఇక్కడ రాయకపోవడం కూడా తెలిసి చేసిన పనే. పేరు రాస్తే పాపమంతా ఒక్కడి ఖాతాలో వేసి మనం చేతులు కడుక్కున్నట్టు అవుతుంది.

సరిగ్గా వారానికి, సెప్టెంబర్ 29 బుధవారం, ఈ వార్త దేశమంతా గుప్పుమంది. అదే రోజు రట్గర్స్‌లో ఎప్పటినుంచో అనుకున్న ఒక కార్యక్రమం మొదలవుతోంది. దాని పేరు ప్రాజెక్ట్ సివిలిటీ. క్యాంపస్‌లో మర్యాద, ఒకరిపట్ల ఒకరికి గౌరవం, ఎదుటివాడి మాట వినడం, ఫోన్లూ కంప్యూటర్లూ ఎలా వాడాలి, ఒకే చోటును పదిమందితో ఎలా పంచుకోవాలి అన్నవాటి మీద రెండేళ్ల పాటు సాగాల్సిన చర్చలు. గది, కంప్యూటర్, మర్యాద. ఆ హాస్టల్ గదిని చూసి రాసినట్టున్న ఈ అంశాలన్నీ టైలర్ రాకముందే కాగితం మీద ఉన్నాయి.

ఆ రోజు క్యాంపస్‌లో విద్యార్థులు నిరసనకు దిగారు. ముందు మాకు భద్రత కావాలి, భద్రత ఇవ్వని మర్యాద మాకెందుకు అన్నది వాళ్ల మాట. ఆ పిల్లలది కఠినమైన మాటే, కానీ న్యాయమైన మాట. తన గదిలో తలుపు వేసుకున్నాక కూడా భయపడుతూ బతికేవాడికి 'దయచేసి', 'ధన్యవాదాలు' గురించి పాఠం చెబితే ఏం ప్రయోజనం?

అయినా ఆ కార్యక్రమం పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు పట్టుకున్న రోగం సరైనదే. మందు ఉపన్యాసాల హాల్లో మిగిలిపోయింది. హాస్టల్ కారిడార్‌కి, ఆదివారం రాత్రికి, నలుగురు పోగైన ఎదురు గదికి చేరలేదు.

2012 ఫిబ్రవరిలో న్యూ బ్రన్స్‌విక్ కోర్టులో విచారణ మొదలైంది. మార్చి 16న జ్యూరీ మొత్తం 15 అభియోగాల్లోనూ రూమ్మేట్‌ని దోషి అంది. పదేళ్ల దాకా జైలు పడొచ్చు. మే 21న శిక్ష చెప్పే రోజు న్యాయమూర్తి గ్లెన్ బెర్మన్ ఒక లెక్క చెప్పారు. 24 ప్రశ్నలు, 12 మంది జ్యూరీ సభ్యులు. దోషి అన్న మాట 288 సార్లు విన్నాను గానీ, నీ నోటి నుంచి క్షమాపణ ఒక్కసారి కూడా వినలేదు అన్నారు. అని, వేసిన శిక్ష 30 రోజుల జైలు, మూడేళ్ల ప్రొబేషన్, 300 గంటల సమాజసేవ, పది వేల డాలర్ల చెల్లింపు. అతన్ని దేశం నుంచి పంపేయొద్దని కూడా సిఫారసు చేశారు. కొద్ది రోజులకు, జైలుకెళ్లే ముందు, అతను క్షమాపణ చెబుతూ ప్రకటన ఇచ్చాడు. 2016లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ తర్వాత, వ్యక్తిగత గోప్యతకు భంగం కలిగించే ప్రయత్నం చేశానన్న ఒక్క అభియోగాన్ని అతను ఒప్పుకోవడంతో కేసు ముగిసింది.

నాకు శిక్ష రోజు తల్లి అన్న మాటలే ముఖ్యం. మొదటి రోజు పలకరింపు లేని సంగతి చెప్పాక జేన్ మిగతా పిల్లల గురించి అడిగింది. అంతమంది ఆ క్రూరత్వానికి ఎలా తలూపారు? ఒక్కరైనా నోరు విప్పి ఎందుకు ఆపలేదు? ఆ ప్రశ్నకు ఏ కోర్టులోనూ సెక్షన్ లేదు.

తల్లి తనను తాను కూడా వదిలిపెట్టలేదు. గే కావడం పాపమని బోధించే చర్చిని జేన్ విడిచిపెట్టింది. 2011లో భార్యాభర్తలిద్దరూ కొడుకు పేరిట ఒక సంస్థ పెట్టారు. దాని పనుల్లో 'డే వన్' అన్నది నాకు బాగా నచ్చింది. కోర్సు మొదలైన మొదటి రోజే టీచరో, హాస్టల్ సీనియరో, జట్టు కెప్టెనో అందరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి: ఇక్కడ ఎవరినీ రంగు, మతం, శరీరం, ప్రేమ, యాస చూసి చిన్నబుచ్చడానికి వీల్లేదు. చూసినవాళ్లు ఆపాలి, లేదా వచ్చి చెప్పాలి. అర్థమైందా అని అడిగి, అర్థమైందని వాళ్ల నోటితోనే అనిపించుకోవాలి. అంతే. దీనికి పైసా ఖర్చు లేదు.

రట్గర్స్ కూడా కదిలింది. 2011 నుంచి కొన్ని హాస్టళ్లలో విద్యార్థులు తమకు భద్రంగా అనిపించే రూమ్మేట్‌ని ఎంచుకునే ఏర్పాటు వచ్చింది. 2013లో టైలర్ క్లెమెంటి పేరుతో ఒక కేంద్రం వెలిసింది. న్యూజెర్సీ వేధింపుల నిరోధక చట్టాన్ని కఠినం చేసి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను కూడా దాని కిందికి తెచ్చింది.

చట్టాల మాట వస్తే మనం వెనకబడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల దాకా జైలు. ఫిర్యాదు వచ్చాక పట్టించుకోని ప్రిన్సిపాల్ కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క. 2009 మార్చిలో హిమాచల్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు తాగిన సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. 2016లో లైంగికత, కులం, ప్రాంతం, భాష, రూపం లాంటివి పట్టుకుని చేసే అవమానం కూడా ర్యాగింగేనని వాటిలో చేర్చింది.

ఆ నిబంధనలు చాలామంది చదవరు. చదివితే ఆశ్చర్యపోతారు. ప్రతి ఆరుగురు కొత్త పిల్లలకూ ఒక సీనియర్ తోడుగా ఉండాలట. కొత్తవాళ్లను చిన్న చిన్న గుంపులుగా చేసి ఒక్కో గుంపును ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలట. ఆయన ప్రతి విద్యార్థితోనూ రోజూ విడిగా మాట్లాడి కష్టసుఖాలు కనుక్కోవాలట. మొదటి మూడు నెలలూ పదిహేను రోజులకొకసారి పిల్లల్ని గుట్టుగా విచారించాలట. డేవిడ్‌సన్ హాల్లో ఆ మూడు వారాల్లో ఇలాంటి పలకరింపు ఒక్కటి జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఆ మౌనం మూడు వారాలు ఎవరి కంటా పడకుండా సాగేది కాదు.

మన కాలేజీల్లో ఏం చేస్తున్నాం? చేరే రోజున విద్యార్థి, తల్లిదండ్రి ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం మీద సంతకం పెడతారు. గేటు దగ్గర బోర్డు పెడతారు. ఆరుగురికొక సీనియర్ ఎక్కడ? రోజూ మాట్లాడే మాస్టారు ఎక్కడ? మీ అబ్బాయో అమ్మాయో చదివే కాలేజీలో ఈ రెండు ప్రశ్నలు అడిగి చూడండి. అడిగే హక్కు మీకుంది.

తెలుగులో 'మన్నన' అని ఒక మాట ఉంది. గౌరవించడం మన్నన. మన్నించడమంటే క్షమించడం కూడా. ఎదుటి మనిషిని లెక్కలోకి తీసుకోవడం ఈ రెండింటికీ మూలం అని నాకనిపిస్తుంది. గుమ్మంలో పలకరింపు కరువైన చోటే 288 సార్లు దోషి అనిపించుకున్నా క్షమాపణ నోటికి రాలేదు.

జ్యూరీ తీర్పు వచ్చిన రోజు టైలర్ తండ్రి జోసెఫ్ క్లెమెంటి కోర్టు బయట పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడాడు. జీవితంలో ఎందరినో కలుస్తారు, కొందరు మీకు నచ్చరు. నచ్చనంత మాత్రాన వాళ్లకు హాని చేయక్కర్లేదు. ఎవరైనా తప్పు చేస్తుంటే, ఇది సరికాదు, ఆపు అని చెప్పండి అన్నాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి అడిగింది ఇంతే.

హాస్టల్లో ఏ కష్టం వచ్చినా ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. బతుకు బరువనిపిస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఈ రెండు నెంబర్లూ ఇంట్లో చదువుకునే పిల్లల ఫోన్లలో ఇవాళే ఎక్కించండి. సీనియర్లకు నాదొక విన్నపం. ఈసారి కొత్త పిల్లలు పెట్టెలు పట్టుకుని మీ గది గుమ్మంలో నిలబడినప్పుడు, చేస్తున్న పని కాసేపు ఆపి, లేచి, పేరు అడగండి.